మువ్వగోపాలుని పదకర్త

కృష్ణా జిల్లాలో, కూచిపూడికి చేరువలో, మొవ్వ అనే గ్రామమున్నది. ఆ ఊరి వేల్పు వేణుగోపాలస్వామి. ఆ స్వామిని మువ్వగోపాలుడని పిలుచుకొని, తాను చెప్పిన పదాలకు ఆ పేరే ముద్రగా వేసి, పదిహేడవ శతాబ్దంలో దక్షిణదేశపు రాజసభలలో మన్ననలు పొందినవాడు క్షేత్రయ్య. మువ్వపురిని తమిళదేశంలో వెదకిన పండితులు లేకపోలేదు. వారి వాదాలు వారివి. తెలుగువారు మాత్రం మొవ్వను వదులుకోలేదు.

ఆయన బాల్యాన్ని గురించి పెద్దలు చెప్పుకునే కథ ఇది. అసలు పేరు వరదయ్య. సంగీతమూ, అభినయమూ నేర్చుకునే వయసులో మోహనాంగి అనే దేవదాసి మీద మనసు పడ్డాడు. ఆమె ఊరక ఒప్పుకోలేదు. గోపాలస్వామి మీద పదాలు చెప్పి మెప్పించగలిగిననాడు చూతమన్నదట. అంతలో ఒక యోగి కనిపించి గోపాలమంత్రం ఉపదేశించాడు. వరదయ్య గుడిలో కూర్చుండి జపం చేశాడు. స్వామి దర్శనమిచ్చాడు, నోట పదం వెలువడింది. మోహనాంగి కోసం మొదలుపెట్టిన సాధన మోహనాంగిని దాటి పోయింది.

ఈ కథ నడిచిన తీరును కొంచెం నిదానించి చూడవలె. ముందు వెలయాలు, తరువాత మంత్రం. ముందు కోరిక, తరువాత భక్తి. శ్రీకృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుని కథకూ ఇదే అచ్చు. అక్కడి వనిత పేరు చింతామణి. వేమన కథకూ ఇదే అచ్చు. క్షేత్రయ్య పదాలు విన్నవానికి సహజంగా ఒక సందేహం పుడుతుంది: ఇంత వివరంగా, ఇంత సంకోచం లేకుండా పడకటింటి ముచ్చట్లు చెప్పినవాడు భక్తుడా, విటుడా? మొవ్వ కథ ఆ ప్రశ్నకు సమాధానంగా అల్లబడినట్లు కనిపిస్తుంది. విటుడు కాబోయి భక్తుడైనాడని చెప్పితే పాటా నిలుస్తుంది, పాడినవాని పరువూ నిలుస్తుంది. కవి జీవితాన్ని బట్టి కావ్యానికి అర్థం చెప్పటం లోకంలో వాడుక. ఇక్కడ పాటల అర్థాన్ని సరిపెట్టుకొనటానికే ఒక జీవితం ఏర్పడింది.

వరదయ్య క్షేత్రయ్య ఎట్లా అయినాడు? క్షేత్రాలు తిరిగినాడు గనుక అని సామాన్యంగా చెప్పే మాట. క్షేత్రజ్ఞుడన్న పేరే వాడుకలో క్షేత్రయ్యగా మారిందని కొందరంటారు. తిరిగినాడనటానికి పదాలే సాక్ష్యం. కంచి వరదుడూ, శ్రీరంగనాయకుడూ, చిదంబరంలోని గోవిందరాజస్వామీ, కడప వెంకటేశుడూ వీటిలో కనిపిస్తారు. వారందరూ మువ్వగోపాలునితో కలిసిపోయి ఒకే నాయకుడౌతారు. కంచిలో ఒకనాటి రాత్రి ఆయన గుడిలోనే ఉండిపోయాడనీ, తెల్లవారుజామున అమ్మవారు స్వామి సన్నిధి నుంచి తన కోవెలకు మరలిపోవటం కన్నులారా చూచి పదం కట్టాడనీ ఐతిహ్యం. నిజానిజాల సంగతి అటుంచితే ఈ కథలో ఒక అందమున్నది. క్షేత్రయ్యకు దేవుని ఇల్లూ ఇల్లే. అక్కడా అలకలుంటవి, తెల్లవారుతుంది, తలుపు చప్పుడౌతుంది.

రాజాశ్రయాల విషయానికి వస్తే నేల కొంత గట్టిపడుతుంది. ఒక పదంలో తన సంచారాన్ని గురించి ఆయనే లెక్క చెప్పుకున్నాడు. మధుర తిరుమలనాయకుని వద్ద రెండు వేల పదాలు, తంజావూరు విజయరాఘవనాయకుని వద్ద వేయి, గోలకొండ పాదుషా సభలో నలభై దినాలలో వేయికి పైగా. తిరుమలనాయకుడు 1623 నుంచి 1659 వరకు మధురను ఏలినవాడు. విజయరాఘవుని కాలం 1633 నుంచి 1673 వరకు. గోలకొండలో అప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా ఉన్నాడు. ఆ సభలో తులసిమూర్తి అనే కవితో పందెం పడి క్షేత్రయ్య ఆ పదాలన్నీ చెప్పాడంటారు. మహమ్మదీయ ప్రభువు కొలువులో గోపాలుని శృంగారం వేల కొద్దీ తెలుగు చరణాలుగా వినిపించటం ఆ కాలానికి వింత కాదు.

తంజావూరు కథ అన్నింటిలోకీ రుచి గలది. విజయరాఘవుడు స్వయంగా కవి, యక్షగానాలు వ్రాసినవాడు. ఆయన కొలువులో రంగాజమ్మ వంటి విదుషి మన్నారుదాసవిలాసం చెప్పి కనకాభిషేకం అందుకున్నది. అటువంటి సభలో పదాలు చెప్పేవానికి అంత గౌరవమేమిటని పండితులు లోలోపల కుములుతున్నారు. అది గ్రహించి క్షేత్రయ్య ఒక పదం చెప్పి, చివరి చరణం సగంలో విడిచి, తాను రామేశ్వరం పోయి వచ్చేలోగా దానిని పూర్తిచేయవలసిందని సభవారిని కోరాడట. అది నాయిక చెలికత్తె మీద విసుక్కునే పదం. పండితులు నెలల తరబడి తంటాలు పడ్డారు. ఛందస్సు కుదిరింది, ప్రాస కుదిరింది. ఆ ఆడుదాని గొంతు కుదరలేదు. తిరిగి వచ్చి క్షేత్రయ్యే పూర్తిచేశాడు.

ఇది కట్టుకథ కావచ్చు. కాని కట్టినవారెవరో పదం గుట్టు తెలిసినవారే. ఇంకొక సంగతి కూడా గమనించదగ్గది. క్షేత్రయ్యను గురించి ప్రచారంలో ఉన్న ఆస్థాన కథలలో పండితులకు ఈర్ష్య కనిపిస్తుంది గాని, ఈ పదాలు చెప్పరానివి, వినరానివి అన్న ఆక్షేపణ కనిపించదు. ఆ ఆక్షేపణ తరువాత రెండు శతాబ్దాలకు గాని పుట్టలేదు.

ఇంతకూ ఆ పదాలలో ఉన్నదేమిటి? పల్లవి, అనుపల్లవి, సాధారణంగా మూడు చరణాలు. నడక విలంబం. పాడేవారు తరచు అనుపల్లవితో ఎత్తుకొని పల్లవికి వస్తారు. మాట్లాడేది చాలావరకు స్త్రీ. ఎవరితో? ఒకసారి చెలితో, ఒకసారి అతనితో, ఒకసారి సవతితో, కొన్నిసార్లు తనతో తానే. రాత్రంతా ఎక్కడో గడిపి ఉదయాన వచ్చినవానిని ఒకతె గుమ్మంలో నిలబెట్టి మందలిస్తుంది. ఒకతె ఇరుగుపొరుగు చెవులకు వెరచి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఒకతె రూకల సంగతి మొగమాటం లేకుండా ఎత్తుతుంది. అతడు దేవుడని ఆమెకు తెలుసు. అయినా ఇవ్వవలసినది ఇవ్వవలసిందే. అలంకారశాస్త్రం స్వీయ, పరకీయ, సామాన్య అని నాయికలను మూడు విధాలుగా విభజించింది. క్షేత్రయ్య ముగ్గురికీ నోరిచ్చాడు. సామాన్యకు మరింత ఇచ్చాడు.

కళాశాలలలో ఈ పదాలను నాయికాభేదాలకు ఉదాహరణలుగా చెప్పటం ఆచారమైపోయింది. ఇది ఖండిత, ఇది కలహాంతరిత, ఇది వాసకసజ్జిక అని పేరు పెట్టితే విద్యార్థికి పరీక్షలో మార్కులు వస్తవి, అధ్యాపకునికి ఇబ్బంది తప్పుతుంది. పేరు పెట్టిన తరువాత ఆమె ఏమన్నదో మళ్ళీ వినవలసిన పని ఉండదు.

పేర్లకు లొంగని పదాలు కొన్ని ఉన్నవి. వాటిలో ఒకటి మరీ కలవరపెట్టేది. పెండ్లి అయిన ఒక స్త్రీ ప్రియుని వల్ల గర్భవతి అయింది. ఏదైనా వేరో, మూలికో వెదకి తెమ్మని అతనిని అడుగుతున్నది. నమ్మదగిన నేస్తురాలు ఆమెకు లేదు. విషయం బయటపడితే ఏమౌతుందో ఆమెకు తెలుసు. అడిగే తీరులో వేడుకోలూ ఉన్నది, నిష్ఠూరమూ ఉన్నది. దీనిని శృంగారమందామా? ఇందులో శృంగారం అయిపోయిన తరువాతి భయం ఉన్నది. ఇటువంటి మాట తెలుగు కవిత్వంలో అంతకుముందు ఎవరు అనిపించారు? ప్రబంధ నాయికలు విరహంలో చందనం పూసుకుంటారు, చంద్రుని నిందిస్తారు. వారికి ఈ అవసరం రాదు.

1673లో మధుర నాయకులు తంజావూరిపై దాడి చేశారు. విజయరాఘవుడు ఆ యుద్ధంలో మరణించాడు. నాయకుల కొలువు చెదిరిపోయింది. ఆ తరువాత మరాఠా ప్రభువులు వచ్చారు. రాజులు మారినా పదాలు మారలేదు. కారణం అవి రాజుల దగ్గర లేవు. దేవళాలలో, కొలువులలో ఆడిపాడే స్త్రీల ఇళ్ళలో, తల్లి నుంచి కూతురికి, గురువు నుంచి శిష్యురాలికి చెవిని పడుతూ వచ్చినవి. వారికి ఈ పదాలు ఆస్తి. ఆభరణాలతోపాటు సంక్రమించేవి. అభినయించే ఆమె ఒక్క పంక్తికి పది రకాల చేష్టలు చూపగలగటమే విద్యకు గీటురాయి. కూచిపూడి భాగవతులు కూడా పదాలను విడిచిపెట్టలేదు.

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగానికి గాలి మారింది. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో వేశ్యావృత్తి మీదా, భోగంమేళాల మీదా యుద్ధం ప్రకటించారు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు భోగంమేళాలకు హాజరు కావద్దని వైస్రాయికీ గవర్నరుకూ అర్జీ పెట్టారు. మేళం చెడ్డదైతే మేళంలో పాడే పాట మంచిదెట్లా అవుతుంది? పదం, జావళి అన్న మాటలే మర్యాదస్థులు ఇంట పలుకరానివైనవి. పంతులుగారిని ఈనాడు తేలికగా ఆడిపోసుకునేవారున్నారు. అది న్యాయం కాదు. ఊహ తెలియని ఆడపిల్లను గుడికి ముడివేసి, ఎదిగిన తరువాత ధనవంతుని పాలు చేసే ఆచారాన్ని ఆయన కళ్ళారా చూచారు. ఆ పిల్లల పక్షాన మాట్లాడినవారు అప్పుడు బహు కొద్దిమంది. పాట మీద కోపం ఆ బాధలోనుంచి వచ్చింది. కాని నిప్పు పెట్టినప్పుడు ఇంటితోపాటు ఇంట్లోని గ్రంథాలు కూడా కాలిపోతవి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పరిష్కరించి ప్రకటిస్తే, అశ్లీలమని మరుసటి సంవత్సరమే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తొలగటానికి 1947 దాకా ఆగవలసివచ్చింది. ముద్దుపళని స్త్రీ గనుక, అందులోనూ భోగస్త్రీ గనుక దెబ్బ సూటిగా తగిలింది. క్షేత్రయ్య పురుషుడు, పైగా భక్తుడని కథ ఉన్నది. ఆయనను రక్షించే దారి పండితులకు దొరికింది.

ఆ దారి పేరు జీవాత్మ పరమాత్మ. నాయిక జీవుడు, మువ్వగోపాలుడు పరమాత్మ, ఇద్దరికీ నడుమ తిరిగే చెలికత్తె గురువు. విరహమంటే జీవుని తపన, సమాగమమంటే ముక్తి. ఈ వ్యాఖ్యానం పూర్తిగా ఆధారం లేనిదనటం తగదు. ఆళ్వారులు నాయికలై విష్ణువును కోరి పాడారు. జయదేవుని గీతగోవిందాన్ని పూరీ ఆలయంలో దేవుని ఎదుట పాడారు. తాళ్ళపాక అన్నమాచార్యులు శృంగార సంకీర్తనలను వేంకటేశ్వరునికే సమర్పించారు. ఆ పరంపరలోనే క్షేత్రయ్యను నిలబెట్టినవారు అబద్ధమాడలేదు. అయితే ఒక సూత్రం అన్ని తాళాలకూ పట్టదు. విజయరాఘవనాయకుడే నాయకుడుగా ఉన్న పదాలు కొన్ని ఉన్నవి. ఆయన పరమాత్మ ఎట్లా అవుతాడు? రూకలు అడిగే జీవాత్మ ఏమి అడుగుతున్నట్లు? మూలిక తెమ్మన్న ఆ ఇల్లాలి భయానికి వేదాంతంలో ఏ పేరు పెట్టాలి? ఇక్కడికి వచ్చేసరికి వ్యాఖ్యాతలు దగ్గి ముందుకు సాగిపోతారు.

పదాలను ద్వేషించినవారికీ, ఈ విధంగా రక్షించినవారికీ ఒక పోలిక ఉన్నది. ఇద్దరూ ఆ స్త్రీ మాటను మాటగా వినలేదు. ఒకరు ఆమె నోరు మూయించారు. మరొకరు ఆమె అన్నదానికి అర్థం అది కాదన్నారు. రెండవది మర్యాదగా ఉంటుంది గాని, ఆమెకు మిగిలేది ఏమీ లేదు. దేవుడే విటుడై గుమ్మంలోకి వచ్చి నిలిచినప్పుడు, అతని దైవత్వానికి తలవంచుతూనే అతని బొంకులను పట్టుకోగల మనిషిని సృష్టించటం క్షేత్రయ్య చేసిన పని. ఆమెను జీవాత్మగా కరిగిస్తే దేవుడు కూడా చిన్నబోతాడు. ఎదురు చెప్పేవారు లేక.

ఈ తగవు నాట్యరంగంలో ఇంకా స్పష్టంగా కనిపించింది. 1936లో మద్రాసులో కళాక్షేత్రాన్ని స్థాపించిన రుక్మిణీదేవి భరతనాట్యాన్ని కులీన కుటుంబాల బాలికలకు అందుబాటులోకి తెచ్చారు. ఆమె భక్తిని ముందుకు తెచ్చి, మోటుశృంగారమని తోచిన పదాలను పక్కకు నెట్టారు. దేవదాసి కుటుంబంలో పుట్టిన బాలసరస్వతి దానికి ఒప్పుకోలేదు. ఏడేళ్ళ వయసులో, 1925లో, కంచి కామాక్షి అమ్మవారి సన్నిధిలో అరంగేట్రం చేసిన విదుషి ఆమె. శృంగారాన్ని శుద్ధి చేయవలసిన అవసరం లేదనీ, అది అభినయంలో అన్నింటికంటె పై మెట్టు అనీ ఆమె పట్టు. 1975లో తమిళ ఇసై సంఘంలో చేసిన అధ్యక్షోపన్యాసంలోనూ శృంగారాన్నే సమర్థించింది. మధ్యలో 1947లో దేవదాసి సమర్పణను నిషేధిస్తూ మద్రాసు శాసనసభ చట్టం చేసింది. ఆ చట్టం రావలసినదే. అది వచ్చిననాటికి ఆ స్త్రీల వృత్తి పోయింది, వారి పాట మాత్రం సభావేదికల మీదికి ఎక్కింది. అక్కడ పాడుతున్నవారు చాలావరకు వేరొకరు.

తెలుగు పండితులు చేసిన సేవ కూడా తక్కువది కాదు. విస్సా అప్పారావు, గిడుగు వెంకట సీతాపతి పదాలను సేకరించి ప్రకటించారు. బాలాంత్రపు రజనీకాంతరావు వాగ్గేయకారుల చరిత్రలో క్షేత్రయ్యకు తగిన స్థానమిచ్చారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడుగా మహాకవి క్షేత్రయ్య చలనచిత్రం వచ్చింది. చిత్రానికి కథ కావాలి. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఆంగ్లానువాదం అమెరికాలో వెలువడింది. దేవుడు ఇక్కడ రూకలిచ్చి వచ్చే విటుడేనన్న మాటను వారు పుస్తకం పేరులోనే పెట్టారు. గర్భవతి అయిన స్త్రీ పదాన్ని కూడా అందులో చేర్చారు. ఆ ఇంగ్లీషు చదివి మొదటిసారిగా క్షేత్రయ్యను కనుగొన్న తెలుగు విద్యార్థులు కూడా ఉన్నారు. ఇది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే.

క్షేత్రయ్య చెప్పినవి నాలుగు వేలకు పైబడిన పదాలని ఆయన లెక్క. ఈనాడు దొరికేవి నాలుగు వందలకు లోపు. గోలకొండ పందెపు పదాలూ, మధుర రెండు వేలూ దాదాపుగా జాడ లేవు. మిగిలినవాటిలో కొన్ని తాళపత్రాల వల్ల నిలిచినవి; కొన్నింటిని సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీతసంప్రదాయప్రదర్శినిలో స్వరపరచి అచ్చువేశారు. పాడే తీరు, ఆ మందగమనం, పంక్తికీ పంక్తికీ నడుమ ఆగే ఆ ఊపిరి మాత్రం పుస్తకాలలో దొరకలేదు. అవి మద్రాసులో వీణ ధనమ్మ ఇంట నిలిచినవి. 1867లో పుట్టి 1938లో కన్నుమూసిన ఆ వృద్ధురాలికి కడపటి రోజులలో చూపు లేదు. శుక్రవారం సాయంకాలం ఆమె వీణ పట్టుకొని పదం ఎత్తుకుంటే, ఆ ఇంట చేరిన విద్వాంసులు చప్పుడు చేయక వినేవారు. బృందా, ముక్తా ఆ పదాలను ఆమె నుంచే అందుకున్నారు. బాలసరస్వతి కూడా ఆమె మనుమరాలే. మువ్వగోపాలుని ముంగిట నిలబెట్టే పదం అభినయించేటప్పుడు బాలసరస్వతి తానే పాడుకునేది. అనుపల్లవితో మొదలుపెట్టి, ఒకే పంక్తిని మళ్ళీ మళ్ళీ తిప్పి, ప్రతిసారీ వేరొక ముఖంతో.